వాగు దాటిండన్న మాట

నేను జీపు నడపడం సరదాకు నేర్చుకోలేదు. మా ఆసుపత్రి డ్రైవరుకు కళ్ళు మసకబారుతున్న సంగతి అతనికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదని నేర్చుకున్నాను.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. సంగారెడ్డిలో మా చర్చివాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరి నాకు నాలుగేళ్ళయింది. పెళ్ళి కాలేదు. బడిపంతులైన మా నాన్నకు నేను ఊళ్ళు పట్టుకుని తిరగడం ఇష్టం లేకపోయినా ఏమీ అనేవాడు కాదు. వారానికి నాలుగు రోజులు జీపులో మందులపెట్టె, పిల్లల్ని తూచే త్రాసు, కాన్పు సామాను వేసుకుని బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెలకు పోయేవాళ్ళం. వెనక్కి వచ్చేసరికి పొద్దుగూకేది. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల పొగ మీద ఆకాశం ఎర్రగా ఉండేది.

డ్రైవరు పట్టాళంలో ఇరవై ఏళ్ళు కొండదారుల్లో బళ్ళు నడిపి వచ్చిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. నేను అతన్ని పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఒకరోజు రుద్రారం దాటాక రోడ్డు పక్కన బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కూర్చున్నాడు. బండి చెడిపోయిందేమో అనుకున్నాను.

"బిడ్డా, నేను ఆ బర్రెను సూడలే," అన్నాడు. "అది కదిలినంక కనవడ్డది."

అతని చూపు పక్కల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోందట. ఆపరేషనుతో తిరిగొచ్చే చూపు కాదని హైదరాబాదులో కళ్ళ డాక్టరు చెప్పాడట. ఉద్యోగం పోతే ఇంట్లో జబ్బుమనిషి భార్య ఉంది. నన్ను నేర్చుకోమన్నాడు. ఊళ్ళ దారుల్లో నేను నడపాలి, ఆసుపత్రి గేటు దగ్గర అతను నడపాలి. అది తప్పని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను.

కంది దగ్గర కోతలయిపోయిన బీడు పొలాల్లో నేర్పాడు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించి కూర్చునేదాన్ని. పొలాల్లో ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. మా జీపులో పెద్ద గేరు పక్కన రెండు చిన్న గేర్లు ఉండేవి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలం ఇచ్చేది, ఇంకోటి బండిని నత్తలా నడిపిస్తూ బలం పెంచేది. వాటిని ఎప్పుడు వెయ్యాలో తెలియడమే అసలు చదువు అనేవాడు. బురదలో కూరుకుపోయాక కాదు, బురద కనబడగానే వెయ్యాలి. ఎండిన తారు రోడ్డెక్కాక మరిచిపోకుండా తియ్యాలి, లేకపోతే మలుపుల్లో స్టీరింగు తిరగక మొరాయిస్తుంది. బొటనవేళ్ళు స్టీరింగు లోపలికి పోనియ్యకూడదు, రాయి తగిలి చక్రం గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. దిగుడులో చిన్న గేరు వేసి క్లచ్చు మీంచి కాలు తీసెయ్యాలి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కలేకపోతే పక్కకు తిప్పకుండా ఎట్లా ఎక్కామో అట్లాగే తిన్నగా వెనక్కి దిగాలి. ఒకసారి రాళ్ళగుట్ట మీద నేను బండి పక్కకు తిప్పబోతే నా చేతి మీద కొట్టాడు. అతను నా మీద చెయ్యెత్తడం అదొక్కసారే.

"ఫోర్ వీలంటే రెక్కలు గాదు బిడ్డా," అనేవాడు. "మామూలు బండి ఊరి కాడ దిగవడ్తది. ఇది అడివి నడుమ దిగవడ్తది. గంతే ఫరక్."

నీళ్ళ విషయంలో అతను మరీ మొండి. ఏ వాగైనా, పొద్దున దాటిన వాగైనా, బండి ఆపి మనిషి దిగి నడిచి చూడాలి. అందుకని జీపులో ఒక వెదురుకట్టె ఉండేది. మోకాలి ఎత్తు దగ్గర ఒక గాటు, దాని పైన ఇంకో గాటు. నిలిచిన నీళ్ళయితే పై గాటు దాకా పోవచ్చు. పారే నీళ్ళు కింది గాటు దాటితే వెనక్కి రావాల్సిందే. నీళ్ళలోకి దిగేముందు ఫ్యాను బెల్టు విప్పేవాడు, రెక్కలు నీళ్ళు చిమ్మి ఇంజను ఆగిపోకుండా. నడిమధ్యలో గేరు మార్చకూడదు, నిలబడకూడదు. ఒడ్డెక్కాక బ్రేకు మెల్లగా నొక్కుతూ వదులుతూ పోవాలి, తడి ఆరేదాకా. ఇంకొక మాట కూడా చెప్పేవాడు. నీళ్ళ దగ్గర మన మందిలో ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా ఎవరూ కదలకూడదు. అది పట్టాళంలో నేర్చుకున్నది అనుకుంటాను. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి ఊళ్ళ దారుల్లో బండి నాదే. లైసెన్సు కూడా తీసుకున్నాను. జనం మొదట నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు.

ఆ రోజు వానాకాలం మధ్యలో, మధ్యాహ్నం. వాగుకు ఇవతలి ఊళ్ళో బడి వరండాలో పిల్లలకు సూదులు వేస్తున్నాను. రెండు రోజుల నుంచి ముసురు. తడిసి ముద్దయిన ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చి వరుసను తోసుకుని నా ముందు నిలబడ్డాడు. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడని అతని వేళ్ళే చెప్పాయి, పొడి పట్టి గోళ్ళ దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. వాగు అవతలి ఊరు వాళ్ళది. భార్యకు పొద్దున్నుంచి నొప్పులు, మొదటి కాన్పు. మంత్రసాని చూసి తన వల్ల కాదన్నదట. వాగులో మోకాళ్ళ దాకా నడిచి వచ్చానని చెప్పాడు.

సామాను సర్దుకుని అతన్ని వెనక ఎక్కించుకుని వాగు దగ్గరికి పోయేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో వాగు మారిపోయింది. పైన ఎక్కడో పెద్ద వాన పడి ఉండాలి. రాళ్ళు పరిచి సిమెంటు పోసిన కాజ్‌వే ఒకటి ఉండేది అక్కడ, ఇప్పుడు దాని అంచు రాళ్ళు కూడా కనబడలేదు. ఎర్రటి నీళ్ళు, మీద నురగ, ముళ్ళకంపలు, ఏదో ఘాటైన వాసన. చప్పుడు మాత్రం పెద్దగా లేదు. నీళ్ళు నున్నగా, జల్దీగా పోతున్నాయి.

పెద్దబాపు నా పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ ముసురు వెలుతురులో అతనికి అవతలి ఒడ్డు కనబడదని నాకు తెలుసు. కట్టె తీసుకుని నేనే దిగాను. పది అడుగులు వేసేసరికి నీళ్ళు కింది గాటు దాటాయి. ఇంకో రెండడుగులకు కట్టె కొస సిమెంటుకు తగలలేదు. మెత్తగా లోపలికి దిగింది. అంచు కొట్టుకుపోయిందో, నేనే అంచు మీదికి పోయానో తెలియలేదు. నీళ్ళు నా కాళ్ళను పక్కకు నెడుతున్నాయి. వెనక్కి వచ్చేశాను.

దాటించలేనని అతనికి చెప్పాను. అతను బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"గీ బండి ఏడికైనా పోతదంటరు గద నర్సమ్మా," అన్నాడు.

నీళ్ళ కింద రోడ్డు ఉందో లేదో తెలియదనీ, మధ్యలో ఆగితే ముగ్గురం పోతామనీ, అవతల అతని భార్యకు ఎవరూ మిగలరనీ చెప్పాను. వెనక్కి బొంబాయి రోడ్డెక్కి, పటాన్‌చెరు మీదుగా చుట్టు తిరిగి అవతలి వైపు నుంచి ఊళ్ళోకి పోదాం, రెండు గంటలు పడుతుంది, ఎక్కి కూర్చోమన్నాను. అతను నిలబడే ఉన్నాడు. కోపం లేదు అతని ముఖంలో. లెక్క తేల్చుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"నువ్వు సుట్టు తిరిగి రా నర్సమ్మా. నేను గిట్ల పోయి నువ్వొస్తున్నవని చెప్త. రెండు గంటలంటే ఆమె బుగులువడుతది."

పోవద్దన్నాను. చిన్నప్పటి నుంచి ఈ వాగులోనే తిరిగానన్నాడు. ఈత వచ్చన్నాడు. ఇంకొక్కసారి వద్దన్నాను, కానీ ఆ రెండో మాటలో బలం లేదు. నా మనసంతా అవతలి ఊళ్ళో ఉన్న ఆ పిల్ల మీద, రెండు గంటల మీద ఉంది. మాట్లాడుతున్న ప్రతి నిమిషం ఆ రెండు గంటలకు కలుస్తోందని ఉంది. నా చేతిలో ఉన్న వెదురుకట్టె అతనికిచ్చాను. ఎందుకిచ్చానని తర్వాత ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. జాగ్రత్త అని చెప్పడానికి ఇచ్చాననుకుంటాను. అతను దాన్ని పొమ్మన్నట్టుగా తీసుకున్నాడు.

జీపెక్కి వెనక్కి తిప్పాను. ఇరుకు దారి, ఒక పక్క గుంత, మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చింది. పక్క అద్దంలో ఒకసారి కనబడ్డాడు, పిక్కల దాకా నీళ్ళలో, కట్టె ముందు పెట్టి, వీపు మాకు తిప్పి. తర్వాత బండి మలుపు తిరిగింది, అద్దంలో చెట్లు వచ్చాయి.

"దాటిండా?" అని పెద్దబాపు అడిగాడు.

"దాటిండు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. కాదంటే బండి ఆపమంటాడని నాకు తెలుసు. ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా కదలనివ్వడు. పది నిమిషాలు పోతాయి. అవన్నీ ఆలోచించి అన్నానా అంటే చెప్పలేను. అడిగాడు, అన్నాను. అతను సరేనన్నట్టు తల ఊపి ముందుకు తిరిగి కూర్చున్నాడు.

ఆ రెండు గంటలు నా జన్మలో నేను నడిపిన అన్ని రోజులకంటే బాగా నడిపాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ నిజం. బొంబాయి రోడ్డు మీద ఎదురుగా లారీలు, షిఫ్టు దిగినవాళ్ళతో కిక్కిరిసిన కంపెనీ బస్సులు, ట్యాంకర్లు. ఎక్కడా తొందరపడి దాటలేదు, ఎక్కడా అనవసరంగా ఆగలేదు. అవతలి వైపు తారు అయిపోయి నల్లరేగడి మొదలవగానే చిన్న గేర్లు రెండూ వేశాను. ఎడ్లబండ్లు తొక్కిన గాడుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. బండి కొన్నిచోట్ల పడవలా జారింది. పెద్దబాపు ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఊరు కనబడ్డప్పుడు నా భుజం తట్టాడు.

ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. సామాను పట్టుకుని లోపలికి పోతూ గడప దగ్గర అతని తల్లిని మెల్లగా అడిగాను, నీ కొడుకు ఎటుపోయిండని.

"నిన్ను తోల్కరానీకే పోయిండు గదమ్మా," అంది ఆమె, నా వెనక చూస్తూ.

వెనక్కి తిరిగితే పెద్దబాపు అరుగు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమె మాట విన్నాడు. నా ముఖం అతనికి ఎంతవరకు కనబడిందో తెలియదు. బయట ఉన్న మగవాళ్ళను పిలిచి, ఒకతని భుజం పట్టుకుని వాగు దిక్కు నడిచాడు. తాళ్ళు తెమ్మని ఎవరికో చెబుతున్నాడు.

నేను లోపలికి పోయాను. పోకుండా ఏం చేస్తాను. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. పెదాలు ఎండి చీలిపోయాయి. బిడ్డ తల చాలాసేపటి నుంచి అక్కడే ఆగి ఉంది, మనిషిలో ఇక బలం లేదు. నా చెయ్యి తగలగానే కళ్ళు తెరిచి, ఆయనేడని అడిగింది. నీతో రాలేదా అంది.

అప్పుడు నిజం చెబితే ఆమె నొప్పులకు బలం పెట్టదు. నర్సుగా నాకు తెలుసు అది. కానీ నర్సుగా ఆలోచించి చెప్పానా, మధ్యాహ్నం చెప్పిన మాటకే కట్టుబడి చెప్పానా, ఇప్పటికీ తెలియదు.

"వాగు దాటిండు. వస్తున్నడు. నువ్వు బలం పెట్టు," అన్నాను.

ఆమె బలం పెట్టింది. గంట పట్టింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఆడపిల్ల పుట్టింది, నీలంగా. నోరు శుభ్రం చేసి, వీపు రుద్ది, నా ఊపిరి ఊదాను. కాసేపటికి ఏడ్చింది. తల్లి ఆ ఏడుపు విని నవ్వి తలుపు వైపు చూసింది. బయట అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా అటే చూసింది.

మర్నాడు పొద్దున దొరికాడు. వాగు వంపు తిరిగే చోట తుమ్మకంపల్లో. కట్టె దొరకలేదు.

ఆ తర్వాత జనం నాతో అన్న మాటలు నన్ను ఎక్కువగా పిండేశాయి. పోలీసులు అడిగితే జరిగింది చెప్పాను, బండి దింపనందుకు మంచి పని చేశావన్నారు. పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. ఆ ఊరి పెద్దలు కూడా, నర్సమ్మ వద్దంటే వినకుండా దిగిండు, ఆమె తప్పేముంది అన్నారు. అవన్నీ నిజాలే. బండి దింపి ఉంటే ముగ్గురం పోయేవాళ్ళం, అవతల తల్లీబిడ్డలతో కలిపి ఐదుగురం. అందరూ అడిగింది బండి గురించే. నువ్వు అతను దాటేదాకా చూశావా అని ఎవరూ అడగలేదు.

వారం తర్వాత ఆసుపత్రి వెనక జీపు కడుగుతూ పెద్దబాపుకు చెప్పాను, నేను చూడలేదని. అతను తడిగుడ్డతో తలుపు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"నాకు ఎరుకే," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పిన తీరుకే ఎరుకైంది. బండి ఆపమనకపోతి నేను."

నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. రేపు కూడా బండి నువ్వే తియ్యాలి అన్నాడు.

తీశాను. కానీ రోడ్డు నాకు వేరైపోయింది. పక్క అద్దం చూడాలంటే భయం. చూస్తే లారీ కనబడాల్సిన చోట పిక్కల దాకా నీళ్ళలో ఒక వీపు కనబడేది. చూడకపోతే ఇంకా భయం. ఎండాకాలం బొంబాయి రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు మెరుస్తుంది కదా, ఆ మెరుపులో మనిషి నిలబడి ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఇస్నాపూర్ దాటాక అట్లా కనబడి ఉన్నట్టుండి బ్రేకు తొక్కాను. వెనక వస్తున్న ట్యాంకరు హారను మోగిస్తూ మమ్మల్ని రాసుకుని పోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు. బండి పక్కకు తీసి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. నడపనని చెప్పాను.

పెద్దబాపు నా వైపు తిరిగాడు.

"సరే. నడుపుకుంటనే నీకు ఏం కనవడుతున్నదో నాకు చెప్పు," అన్నాడు. "కనవడ్డదే చెప్పు. కనవడనిది చెప్పకు."

అట్లా మొదలైంది. బండి కదిలించి పైకి చెప్పడం మొదలుపెట్టాను. ముందు లారీ ఉంది. ఎడమ పక్క సైకిలు మీద ఒకతను. ఇద్దరు ఆడవాళ్ళు గడ్డిమోపులతో. అద్దంలో బస్సు, చాలా వెనక. రోడ్డు ఖాళీ. రోడ్డు ఖాళీ. నోటితో చెప్పేసరికి ఆ నీళ్ళలో మనిషి కనబడడం తగ్గింది. పూర్తిగా పోలేదు. కొన్నిసార్లు అద్దంలో ఏముందని పెద్దబాపు అడిగితే నేను మాట్లాడకుండా ఉండేదాన్ని. అతను ఇంకేమీ అడగకుండా, వేగం తగ్గించు అనేవాడు. రెండేళ్ళు అట్లా తిరిగాం. అప్పటికి అతనికి ముందు అద్దం అవతల ఏమీ కనబడేది కాదు. నా మాటలే అతని రోడ్డు. ఉద్యోగం మానేసే రోజున తాళంచెవి నా చేతిలో పెట్టి, అలవాటు పోనియ్యకు అన్నాడు. అతను పోయాక కూడా, ఒంటరిగా నడిపేటప్పుడు కూడా, నాలో నేను చెప్పుకుంటూ నడిపాను. పక్కన కూర్చున్న కొత్త నర్సులు ఈమెకు కొంచెం తిక్క అనుకునేవాళ్ళు. వాగుల దగ్గర మరీను. చీలమండ తడవని నీళ్ళయినా అందర్నీ దించి, ముందు దాటించి, ఒడ్డెక్కినవాళ్ళను లెక్కపెట్టుకున్నాకే బండి దింపేదాన్ని.

ఆ ఊరికి పోవడం మానలేదు. మానాలని ఉండేది. పిల్లకు సూదులు నేనే వేశాను, బరువు నేనే తూచాను. తల్లికి అతను పనిచేసిన ఫ్యాక్టరీ క్యాంటీనులో పని దొరికింది. ఆమె నన్ను చూసి ఎప్పుడూ ముఖం తిప్పుకోలేదు. టీ పెట్టి ఇచ్చేది. పిల్ల నడిచింది, బడికి పోయింది, జడలు వేసుకుంది. నడక తండ్రిదే అని అందరూ అనేవాళ్ళు. నేను అతని నడక చూసింది నీళ్ళలో రెండడుగులు మాత్రమే.

తొంభైల చివర్లో వాగు మీద ఎత్తయిన వంతెన కట్టడం మొదలుపెట్టారు. స్తంభాలు లేచాయి. ఆ ఎండాకాలం ఒకరోజు ఆమె ఇంటి ముందు జీపు ఆపినప్పుడు, బయటికి వచ్చి తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. వాగు దాకా తీసుకుపొమ్మంది. వంతెన అయితే ఇక ఆ పాత దారిన ఎవరూ పోరు కదా అంది.

వాగు ఎండి ఉంది. కాజ్‌వే మీద పగుళ్ళు, ఒక పక్క పెద్ద ముక్క విరిగి లేదు. బండి ఒడ్డున ఆపాను. ఇద్దరం దిగి నిలబడ్డాం. ఆమె నన్ను మొదటి నుంచి చెప్పమంది. ఏదీ విడవకుండా చెప్పమంది. పదకొండేళ్ళలో ఆమె అట్లా అడగడం అదే మొదలు.

చెప్పాను. బడి వరండా నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. కట్టె ఇచ్చిన సంగతి చెప్పాను. బండి తిప్పిన సంగతి, పెద్దబాపు అడిగిన మాట, నేనన్న మాట. ఆమె నొప్పుల్లో ఉన్నప్పుడు ఆమెతో అన్నది కూడా అదే మాటని, రెండుసార్లూ నేను చూడకుండానే అన్నానని చెప్పాను.

ఆమె వాగు వైపే చూస్తూ వింది.

"నువ్వు వస్తున్నడంటివి. నేను ఆ దినమంతా ఆయన అడుగులే ఇన్న. పిల్ల పుట్టేదాక నిజంగనే వాకిట్ల నడుస్తున్నట్టు ఇనవడ్డది నాకు. గా చప్పుడు ఇంక పోలే నర్సమ్మా. ఇప్పటిగ్గూడ ఇనవడుతది."

అది నా మీద నిందో, నాకు ఇచ్చిన ఊరటో తెలియలేదు. ఆమెకు కూడా తెలియదేమో. నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది, ఆ మాట అక్కర్లేదన్నట్టు. ఆమెకు కావలసింది వేరే ఉంది.

"నీళ్ళల్లకు దిగినప్పుడు చెప్పులు కాళ్ళకున్నయా, చేతిల పట్టుకున్నడా?" అని అడిగింది.

అవి కొత్త చెప్పులట. పండక్కి ఆమే పట్టుబట్టి కొనిపించిందట. అవి దొరకలేదు. వాటిని పాడుచేసుకోవడం ఇష్టంలేక చేతిలో పట్టుకుని ఉంటే, ఒక చేత కట్టె, ఒక చేత చెప్పులు, ఈదడానికి చెయ్యి లేకపోయిందా అని ఆమె ఇన్నేళ్ళుగా ఆలోచిస్తోంది. తానే ఆ చెప్పులు కొనమన్నది కదా అని.

కాళ్ళకే ఉన్నాయి అంటే ఆమెకు ఆ బరువు దిగిపోతుంది. నోటి దాకా వచ్చింది. ఎంత ప్రయత్నించినా నాకు అతని వీపు, పైకి చుట్టిన ప్యాంటు, ముందుకు చాచిన కట్టె కనబడుతున్నాయి. ఎడమ చెయ్యి కనబడడం లేదు. అద్దంలో ఆ చెయ్యి అసలు ఉందో లేదో.

"నేను సూడలేదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందని నాకు తెలిసింది. ముఖం తేలిక పడలేదు. కాసేపు నిలబడి, వంగి, కాజ్‌వే పగుళ్ళలోంచి ఇంత ఎర్రమట్టి తీసి వేళ్ళతో నలిపి పారేసింది. రెండో షిఫ్టుకు క్యాంటీనులో పప్పు ఎక్కించాలి, ఆలస్యమవుతుంది, బొల్లారం గేటు దగ్గర దించమంది. జీపు వెనక్కి తిప్పాను. దారి పొడుగునా ఆమె నా పక్కన కూర్చుని, పిల్లకు లెక్కలు రావడం లేదని, ట్యూషను పెట్టించాలా వద్దా అని అడుగుతూ ఉంది.